జపాన్ కోషిన్ జాగరణ: రాత్రంతా ఎందుకు మేలుకునేవారు, ఎలా మేలుకునేవారు?

ప్రశ్న: మన శివరాత్రిలా జపాన్‌లో కూడా జాగరణ చేసే ఆచారం ఉండేదని, దానికీ మూడు కోతుల బొమ్మకీ సంబంధం ఉందని విన్నాను. నిజమేనా? ఆ రాత్రి అసలు ఏం చేసేవారు? 2026లోనో 2027లోనో జపాన్ వెళ్తే ఇంకా ఏమైనా చూడొచ్చా?

నిజమేనండి. ఆ ఆచారం పేరు కోషిన్‌మాచి. అరవై రోజులకొకసారి 'కోషిన్' అనే రోజు వస్తుంది. ఆ సాయంత్రం మొదలుకొని తెల్లవారుజామున కోడి కూసేదాకా కన్ను మూయకుండా కూర్చునేవారు. మూడు కోతులకు దీనితో గట్టి సంబంధమే ఉంది. రాత్రంతా కూర్చునే బృందాలు ఇప్పుడు చాలా అరుదు కానీ, ఆ రోజు కొన్ని గుళ్లలో పూజలు, తిరునాళ్లు ఇప్పటికీ జరుగుతున్నాయి. తేదీలు చివర్లో ఇస్తాను.

శివరాత్రితో పోలిక మాత్రం సగం దూరమే వస్తుంది. శివరాత్రి నాడు మనం మేలుకునేది దేవుడి కోసం. కోషిన్ రాత్రి మేలుకోవడం మొదలైనప్పుడు అందులో దేవుడే లేడు. మన ఒంట్లోంచి ఎవరో బయటికి జారుకోకుండా కాపలా కాయడం, అదే ఈ జాగరణ. దేవుడు, విగ్రహం, మంత్రం, రాతి స్తంభం అన్నీ కొన్ని వందల ఏళ్ల తర్వాత వచ్చి చేరాయి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. అందుకే ముందు ఆ జారుకునేవాళ్లెవరో చెబుతాను.

ఒంట్లో మూడు చాడీకోరులు

ఈ నమ్మకం చైనా తావో మతానిది. ప్రతి మనిషి ఒంట్లోనూ మూడు జీవులు కాపురం ఉంటాయి. జపనీయులు వాటిని సాన్‌షి అంటారు. ఆ మాటకు 'మూడు శవాలు' అని అర్థం. మనం మూడు పురుగులు అనుకుందాం. ఒకటి తలలో, ఒకటి పొట్టలో, ఒకటి నడుము కింద కాళ్లలో. తలలోది చూపు మందగింపజేస్తుంది, జుట్టు నెరిపిస్తుంది, డబ్బు మీద యావ పెంచుతుంది. పొట్టలోది తిండి మీదికి తోసి పేగులు చెడగొడుతుంది. కిందది కామం రేపుతుంది. పాత బొమ్మల్లో మొదటిది తావో సన్యాసి వేషంలో, రెండోది నాలుగు కాళ్ల మృగంలా, మూడోది ఎద్దు తలకు మనిషి కాలు ఒకటి తగిలించినట్టు ఉంటాయి. ఒక్కోటి రెండు 'సున్'ల పొడవు, అంటే సుమారు ఆరు సెంటీమీటర్లు.

వీటికి మనమంటే ఎందుకంత పగ? 4వ శతాబ్దపు చైనా పండితుడు గె హొంగ్ దానికి సూటిగా కారణం చెప్పాడు. మనిషి బతికున్నంతకాలం ఇవి ఆ ఒంట్లో బందీలు. మనిషి చస్తే వీటికి విడుదల, ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ జనం పెట్టే నైవేద్యాలు తినొచ్చు. అందుకని కోషిన్ రోజున పైలోకానికి వెళ్లి, ఆయుష్షు లెక్క చూసే అధికారికి మన తప్పులన్నీ ఏకరువు పెడతాయి. పెద్ద తప్పుకు 300 రోజులు, చిన్న తప్పుకు 3 రోజులు ఆయుష్షులోంచి కోత. మనకు చిత్రగుప్తుడు పైనుంచి లెక్క రాస్తాడు. ఇక్కడ వేగులవాళ్లు లోపలే ఉన్నారు.

ఈ పురుగులకు ఒకే ఒక ఇబ్బంది ఉంది. మనిషి నిద్రపోతే తప్ప అవి బయటికి రాలేవు. కాబట్టి విరుగుడు కూడా తేలికే: ఆ ఒక్క రాత్రి నిద్రపోకండి. మూడు కోషిన్‌లు వరుసగా కాస్తే పురుగులు లొంగిపోతాయి, ఏడు కాస్తే చచ్చిపోతాయి అని తావో గ్రంథాల మాట.

రోజు లెక్క ఎలా కట్టాలి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కోషిన్ తిథి కాదు, చంద్రుడితో సంబంధం లేదు. మన ప్రభవ, విభవ లాంటి అరవై పేర్ల వరుస చైనా, జపాన్ పంచాంగంలోనూ ఉంది. కాకపోతే మనం ఆ పేర్లను ఏళ్లకే పెట్టుకుంటాం, వాళ్లు ఏళ్లతో పాటు రోజులకూ పెట్టారు. పది 'కాండాలు' (వరుసగా తిరిగే పది గుర్తులు), పన్నెండు జంతువులు జతకట్టి తిరిగితే అరవై జతలు వస్తాయి. ఏడో కాండం 'కో', తొమ్మిదో జంతువు కోతి 'షిన్'. ఈ రెండూ కలిసేది 57వ రోజున. వారాల్లాగే నెలలతో, అమావాస్య పున్నములతో పనిలేకుండా ఈ వరుస నడుస్తూనే ఉంటుంది.

మన వరుసలో 57వది రుధిరోద్గారి, 1983–84లో వచ్చింది. వాళ్ల 57వ ఏడు, అంటే కోషిన్ ఏడు, 1980. రెండు వరుసలకూ మూడేళ్ల తేడా ఉంది కాబట్టి మన పంచాంగం చూసి వాళ్లది లెక్కకట్టకండి.

పాత జపాన్ పంచాంగంలో మామూలు ఏడాదికి 354 రోజులు. అందులో ఆరు కోషిన్‌లు పడతాయి, ఒక్కోసారి ఐదే. అధికమాసం వచ్చిన 384 రోజుల ఏడాదిలో ఏడు పడొచ్చు. ఏడొచ్చిన ఏడాదిని 'ఏడు కోషిన్‌ల ఏడు' అని కొన్ని ప్రాంతాల్లో ప్రత్యేకంగా చూసేవారు. ఇప్పటి క్యాలెండరులో ఆరో, ఏడో తప్ప ఐదు రావు. ఏడు రావాలంటే మొదటిది జనవరి 1 నుంచి 5 లోపు (లీపు ఏడాదిలో 6 లోపు) పడాలి.

ఇంకో చిక్కు రాత్రి ఏది అన్నది. పాతకాలంలో రోజు అర్ధరాత్రికి మారేది కాదు, తెల్లవారితేనే మారినట్టు. కాబట్టి కోషిన్ రాత్రి అంటే ఆ రోజు సాయంత్రం నుంచి మర్నాడు తెల్లవారేదాకా. ఇంతకీ 2026లో మొదటి కోషిన్ ఫిబ్రవరి 15. మహాశివరాత్రి కూడా ఆ రాత్రే. ఒకటి చంద్రుడిని బట్టి, ఒకటి అరవై రోజుల లెక్కను బట్టి వచ్చేవి కాబట్టి రెండూ ఒకే రాత్రి కలవడం అరుదు.

ముందు రాజభవనంలో: దేవుడు లేని జాగరణ

జపాన్‌లో ఇది ఎప్పటికి స్థిరపడిందో చెప్పడానికి మంచి ఆధారం ఒకటుంది. ఎన్నిన్ అనే బౌద్ధ భిక్షువు 838లో చైనా వెళ్లినప్పుడు యాంగ్‌జౌ పట్నంలో ఒక రాత్రి జనం ఎవరూ నిద్రపోకపోవడం చూసి, 'మా దేశంలో మొదటి నెల కోషిన్ రాత్రిలాగే ఉంది' అని దినచర్యలో రాసుకున్నాడు. అంటే అప్పటికే జపాన్‌లో ఇది అందరికీ తెలిసిన విషయం.

9 నుంచి 12వ శతాబ్దం దాకా హెయాన్ (ఇప్పటి క్యోటో) రాజభవనంలో ఈ రాత్రి ఒక సరదా కొలువు. పూజ లేదు, ప్రతిమ లేదు. గో ఆట, పాచికల సుగొరోకు, సంగీతం, కవిత్వ పోటీలు, మద్యం. అప్పటికప్పుడు విషయం ఇచ్చి అంతఃపుర స్త్రీల చేత పద్యాలు చెప్పించేవారు. నిద్ర ఆపడమే పని కాబట్టి, నిద్ర ఆపే ప్రతిదీ అక్కడ పనికొచ్చింది.

ఈ సరదాకు చీకటి పక్క కూడా ఉంది. 982 మొదటి నెల కోషిన్ రాత్రి, మాజీ చక్రవర్తి రేజేయ్ భార్య ఫుజివారా నో చోషి అన్నదమ్ములతో కలిసి జాగరణ చేసింది. తెల్లవారుజామున మోచేతిపీట మీదికి ఒరిగింది. నిద్రపోయిందనుకున్నారు, లేపబోతే ప్రాణం లేదు. ఆ తర్వాత ఆ కుటుంబంలో కోషిన్ జాగరణ మానేశారని ఆనాటి చరిత్ర కథనం చెబుతుంది. ఆయుష్షు కోసం కాసిన రాత్రే ఆయుష్షు తీరడం ఆ కాలం వాళ్లను ఎంత కలవరపెట్టి ఉంటుందో ఊహించండి.

మరి నిద్ర ఆగకపోతే? దానికీ ఒక ఉపాయం పెట్టుకున్నారు. పడుకునే ముందు పురుగును ఉద్దేశించి ఒక పద్యం చదవాలి. 'వెళ్లిపో, నా పడక వదిలిపో. పడుకున్నాను కానీ నిద్రపోలేదు, నిద్రపోకపోయినా పడుకున్నాను' అన్నట్టు పడకనూ నిద్రనూ కలగలిపి పురుగును తికమక పెట్టే మాటలు. 12వ శతాబ్దానికే ఇది రాతలో ఉంది. తర్వాతి రోజుల్లో పల్లెల్లో పాడుకున్న రూపంలో పురుగు పేరు 'షోకెరా'. ఈ పేరు గుర్తుంచుకోండి, కింద రాతిబొమ్మ దగ్గర మళ్లీ వస్తుంది.

దేవుడు ఎక్కణ్ణుంచి వచ్చాడు

15వ శతాబ్దం వచ్చేసరికి బౌద్ధ భిక్షువులు ఈ రాత్రికి ఒక మహాత్మ్యం రాశారు: ఏ దేవుణ్ణి కొలవాలి, ఏం చదవాలి, ఎన్నిసార్లు చేస్తే ఏ ఫలం అని. అప్పుడు ప్రధాన దైవంగా నిలబడినవాడు షోమెన్ కొంగో, అంటే 'నీలిముఖ వజ్రుడు'.

ఇతను మొదట కోషిన్ దేవుడు కాడు. 7వ శతాబ్దంలో సంస్కృతం నుంచి చైనా భాషలోకి వెళ్లిన ఒక ధారణీ (రక్షామంత్రాల) సంకలనంలో ఇతను నాలుగు చేతుల యక్షుడు. మనిషిని క్షీణింపజేసి ఒకరి నుంచి ఒకరికి అంటే క్షయలాంటి రోగాన్ని తరిమేవాడు. ఆ రోగం పేరు 'దెన్‌షి'. సాన్‌షిలోనూ దెన్‌షిలోనూ 'షి' ఒకటే అక్షరం, శవం అని. ఆ 'షి'ని తరిమేవాడు ఈ 'షి'ని కూడా తరుముతాడు కదా అన్న తర్కంతో ఇతన్ని కోషిన్‌కు తెచ్చారని పండితుల వివరణ.

ఇతని మంత్రం జపనీయుల నోట 'ఒన్ దేయిబా యాకిషా బందా బందా కకకక సొవాకా'. తెలుగువాళ్లకు దీన్ని విప్పడం కష్టం కాదు: ఓం దేవ యక్ష బంధ బంధ హ హ హ హ స్వాహా. కట్టేయి, కట్టేయి అని. పురుగు బయటికి పోకుండా కట్టేయమనడానికి ఇంతకంటే సరిగ్గా సరిపోయే మాట దొరకదు.

పురుగులు ఫిర్యాదు చేసే పైలోకపు ప్రభువు కూడా జపాన్‌కు వచ్చాక మారాడు. చాలాచోట్ల ఆయన తైషకుతెన్, అంటే మన ఇంద్రుడే; 'శక్ర' అన్న పేరులోంచే 'షకు' వచ్చింది. షోమెన్ కొంగో ఆ ఇంద్రుడి దూత. జపాన్ సొంత మతమైన షింతో పక్షం వాళ్లు మాత్రం కోతికి 'సారు' అనే పేరు కలిసొస్తుందని సారుతాహికో అనే దారి చూపే దేవుణ్ణి నిలబెట్టారు. ఒకే ఊళ్లో ఒక రాయి మీద నీలిముఖుడు, పక్క రాయి మీద సారుతాహికో పేరు కనిపిస్తే గాబరా పడకండి. రెండూ కోషిన్ రాళ్లే.

పల్లెలో ఒక కోషిన్ రాత్రి

17వ శతాబ్దం నుంచి, 'ఎదో' అనే కాలంలో (1603–1868, షోగున్‌ల పాలన), ఇది పూర్తిగా ఊరి ఆచారమైంది. నా దృష్టిలో కోషిన్ అసలు రూపం ఇదే. పది ఇళ్లో, అటూ ఇటుగానో కలిసి ఒక 'కో' కట్టుకునేవారు. కో అంటే భక్తబృందం. ఇదే పద్ధతిలో 'ముజిన్' అనే పేరుతో చీటీలు కూడా నడిచేవి. కాబట్టి మన చీటీల బృందాన్నీ భజన బృందాన్నీ కలిపి ఊహించుకుంటే కో ఏమిటో అందుతుంది.

ప్రతి కోషిన్‌కు ఒక ఇంటి వంతు. ఆ ఇంటిని 'యాదో' అనేవారు, బస అని. వంతు ఇంటికి ఒక పెట్టె వస్తుంది. అందులో దేవుడి బొమ్మ గీసిన పటం చుట్ట, సభ్యుల పేర్లూ జమాఖర్చులూ రాసిన పద్దు పుస్తకం, కొన్నిచోట్ల గిన్నెలు కూడా. ఖర్చుకు ఇంటికింత అని బియ్యం, డబ్బు పోగుచేసేవారు.

సాయంత్రం స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకుని వస్తారు. వంతు ఇంటివాళ్లు పెద్దగదిలో చుట్ట విప్పి వేలాడదీసి, ముందు దీపం, ధూపం, పూలు, సాకే (బియ్యంతో చేసే మద్యం), బియ్యప్పిండి ఉండలు పెడతారు. అందరూ కూర్చుని ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం అనే చిన్న బౌద్ధ పాఠం చదివి, పైన చెప్పిన మంత్రం చెప్పుకుంటారు. తర్వాత భోజనం. నియమం ప్రకారం నీచు లేదు, ఉల్లి వెల్లుల్లి లాంటి ఘాటు దినుసులూ లేవు. ఊరిని బట్టి ఉదోన్ అనే లావుపాటి గోధుమ నూడుల్స్, అజుకి అనే ఎర్ర గింజల అన్నం. కాలం గడిచేకొద్దీ చాలాచోట్ల ఈ నియమం సడలి, సాకే గిన్నెలు పెరిగాయి.

పూజ, భోజనం రాత్రి తొలిజాముకే అయిపోతాయి. ఇక మిగిలేది అసలు కష్టం: ఏ పనీ లేకుండా తెల్లవారేదాకా కూర్చోవడం. ఇక్కడ జాగరణను నిలబెట్టింది మంత్రం కాదు, మాట. పంటలు, ధరలు, పెళ్లి సంబంధాలు, కాలవ తగాదాలు, దెయ్యాల కథలు, అన్నీ అప్పుడే. జపనీస్‌లో ఒక సామెతే ఉంది: 'మాటలు కోషిన్ రాత్రికి దాచు' అని. పగలు పనిలో ఎవరైనా కబుర్లు మొదలెడితే అలా అనేవారు. ఒక్కడే ఇంట్లో కూర్చుని కాసిన జాగరణ మూడో జాముకు తప్పకుండా చెడుతుంది. పదిమంది ఎదురెదురుగా కూర్చుంటే ఒకడి తల వాలితే పక్కవాడు తడతాడు. కో కట్టుకోవడానికి ఉన్న లౌకిక కారణం అదే అనిపిస్తుంది.

ముగింపుకు గుర్తు కోడికూత. కోతి రోజు తర్వాత వచ్చేది కోడి రోజు, కాబట్టి మొదటి కూతతో గండం గడిచినట్టు. రాతిబొమ్మల మీద కోడిపుంజు, పెట్ట కనిపించేది ఇందుకే. తెల్లవారాక చుట్ట చుట్టి పెట్టెలో పెట్టి, తర్వాతి వంతు ఇంటికి అప్పగిస్తారు. నిజానికి తర్వాతి కాలంలో చాలా బృందాలు అర్ధరాత్రికే లేచిపోయేవి. కాబట్టి పాత పుస్తకాల్లోని 'రాత్రంతా' అన్న మాటను ప్రతి ఊరికీ, ప్రతి కాలానికీ వర్తింపజేయకూడదు.

ఆ రాత్రి భార్యాభర్తలు కలవకూడదన్నది గట్టి నిషేధం. ఆ రాత్రి కడుపున పడ్డ బిడ్డ దొంగ అవుతాడని భయం. ఆ రోజు పుట్టిన పిల్లలకూ అదే గండం. 'కో', 'షిన్' రెండూ లోహతత్త్వానివి కాబట్టి విరుగుడుగా పిల్లాడి పేరులో 'బంగారం, లోహం' అనే అక్షరం పెట్టేవారు. నవలా రచయిత నత్సుమే సోసెకి అసలు పేరు కిన్నొసుకే. ఆయన పుట్టిన 1867 ఫిబ్రవరి 9 కోషిన్ రోజే, ఆ 'కిన్' బంగారమే.

రాయిని చదవడం

వరుసగా మూడేళ్లు, అంటే 18 కోషిన్‌లు, 1080 రోజులు తప్పకుండా కాస్తే బృందం ఒక రాయి నిలబెట్టేది. అదే కోషిన్ స్తంభం. తెలిసినవాటిలో అతి పాతది సైతామా జిల్లా కవాగుచిలో 1471 నాటిది. ఎదో కాలంలో వేల సంఖ్యలో నిలబెట్టారు, ముఖ్యంగా 1680, 1740, 1800, 1860 లాంటి కోషిన్ ఏళ్లలో. మళ్లీ కోషిన్ ఏడు 2040.

ఇవి ఊరి పొలిమేరలో, దారులు చీలేచోట ఉంటాయి. కొన్నిటి పక్కన 'కుడికి ఫలానా ఊరు' అని దారి గుర్తు కూడా చెక్కి ఉంటుంది. బొమ్మ ఉన్న రాయి అయితే పైనుంచి కిందికి చూడండి. పైన రెండు మూలల్లో మబ్బుల మీద సూర్యుడు, చంద్రుడు. మధ్యలో కోపంగా నిలబడ్డ ఆరు చేతుల నీలిముఖుడు. చేతుల్లో కత్తి, చక్రం, విల్లు, బాణం, శూలం లాంటివి. ఒక చేతిని మాత్రం దగ్గరగా చూడండి: చేతులు జోడించిన ఒక చిన్న అర్ధనగ్న స్త్రీని జుట్టు పట్టుకుని వేలాడదీసి ఉంటాడు. ఆ బొమ్మను షోకెరా అంటారు. పద్యంలోని పురుగు పేరే. కాబట్టి ఆ స్త్రీ పట్టుబడ్డ సాన్‌షి అనే వివరణ నాకు అన్నిటికంటే సరైనదిగా తోస్తుంది. పాదాల కింద నలిగే భూతం, దాని కింద మూడు కోతులు, పక్కల్లో కోళ్లు.

బొమ్మ లేకుండా అక్షరాలే ఉన్న రాళ్లు ఇంకా ఎక్కువ. జపనీస్ రాకపోయినా 'కోతి' అక్షరాన్ని గుర్తుపట్టొచ్చు: నిలువు గడి, మధ్యలో ఒక అడ్డగీత, ఆ గడిని పైనుంచి కిందికి చీల్చుకుంటూ రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చిన ఒక నిలువుగీత. పెద్ద అక్షరాల్లో రెండోది ఇదైతే అది దాదాపు కోషిన్ రాయే. పక్కల్లో ఏడాది, నెల. అడుగున బృంద సభ్యుల పేర్లు.

మూడు కోతులు

జపనీస్‌లో క్రియ చివర 'జారు' చేరిస్తే పాత భాషలో 'చేయకుండా' అనే అర్థం వస్తుంది: మిజారు అంటే చూడకుండా, కికజారు వినకుండా, ఇవజారు అనకుండా. కోతి 'సారు', సమాసంలో 'జారు'. శబ్దం ఒకటే కాబట్టి మూడు నిషేధాలూ మూడు కోతులయ్యాయి. ఇది జపనీస్‌లోనే పుట్టగల శ్లేష. కోషిన్ రోజు కోతి రోజు కాబట్టి అవి ఇక్కడ కుదురుకున్నాయి.

మనకు ఇవి గాంధీగారి కోతులు: చెడు చూడకు, వినకు, అనకు. కోషిన్ రాతి మీద వాటి అర్థం కాస్త వేరుగా కూడా చెప్పేవారు: మా తప్పులు చూడలేదు, వినలేదు, పైకి చెప్పలేదు అని. మూడు పురుగులు చాడీలు మోస్తే మూడు కోతులు నోరు మూసుకుని ఉంటాయన్నమాట. ఒక జాగ్రత్త: నిక్కో పట్నంలోని తోషోగూ గుడిలో ఉన్న పేరుపొందిన మూడు కోతులు దేవుడి గుర్రపుశాల మీద చెక్కినవి, 1636 పునర్నిర్మాణం నాటివి. కోతి గుర్రాలను కాపాడుతుందన్న నమ్మకంతో అక్కడ పెట్టారు. ఎనిమిది పలకల్లో అవి రెండోదే. వాటిని కోషిన్ విగ్రహం అనుకోకండి.

కలగలిపేసే ఇతర జాగరణలు

జపాన్‌లో 'మాచి' పేరుతో ఇంకొన్ని ఉన్నాయి. త్సుకిమాచి అంటే చంద్రోదయం కోసం కాయడం. అందులో 23వ రాత్రిది ఎక్కువ, ఆ రాత్రి అరచంద్రుడు దాదాపు అర్ధరాత్రికి వస్తాడు కాబట్టి అప్పటిదాకా కూర్చుంటే చాలు. 19వ రాత్రి బృందాలు ఆడవాళ్లవి, సుఖప్రసవం కోసం. హిమాచి సూర్యోదయం కోసం. వీటిలో ఎదురుచూసేది ఒక వెలుగు రావడం కోసం. కోషిన్‌లో కాసేది ఒకటి పోకుండా. ఈ తేడా మనసులో ఉంటే కలగలపరు.

ఎందుకు తగ్గింది, ఇప్పుడేం చూడొచ్చు

షోగున్‌ల తర్వాత వచ్చిన మేజీ చక్రవర్తి ప్రభుత్వం 1873 జనవరి 1 నుంచి కొత్త క్యాలెండరు తెచ్చింది. అరవై రోజుల లెక్క రోజువారీ జీవితంలోంచి తప్పుకుంది. ఇలాంటివన్నీ మూఢనమ్మకాలు అన్నారు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు రాళ్లు పీకి గుడి ఆవరణల్లో కుప్పగా పెట్టారు. ఒకేచోట పది పదిహేను కోషిన్ రాళ్లు వరుసగా కనిపిస్తే అవి అక్కడ పుట్టినవి కావు, అలా చేరినవి.

తేదీలు. 2026: ఫిబ్రవరి 15, ఏప్రిల్ 16, జూన్ 15, ఆగస్టు 14, అక్టోబర్ 13, డిసెంబర్ 12. 2027: ఫిబ్రవరి 10, ఏప్రిల్ 11, జూన్ 10, ఆగస్టు 9, అక్టోబర్ 8, డిసెంబర్ 7. ఏడాదిలో మొదటిదీ చివరిదీ కాస్త పెద్దవి.

తోక్యోలో అయితే షిబమాతా తైషకుతెన్‌కు వెళ్లండి. 1779లో ఆ గుడి మరమ్మతుల్లో, పోయిందనుకున్న మూలవిరాట్ పలక కోషిన్ రోజున దొరికింది. అప్పట్నుంచి అక్కడ కోషినే తిరునాళ్ల రోజు. ఆ జనాన్ని చేరవేయడానికే 1899లో కనమాచి స్టేషన్ నుంచి, మనుషులు వెనకనుంచి తోసే పట్టాల బండి నడిపారు. క్యోటోలో యసాకా కోషిన్‌దో ఉంది, యసాకా పగోడా పక్కనే. చేతులూ కాళ్లూ కలిపి కట్టేసిన కోతిలా గుడ్డతో కుట్టిన రంగురంగుల ఉండలు అక్కడ గుత్తులుగా వేలాడతాయి. కోరిక రాసి కట్టి, దాని బదులు ఒక దురాశ వదులుకోవాలి. కోతిని కట్టేయడమంటే చపలమైన మనసును కట్టేయడం. చాలామంది ఫొటో తీసుకుని ఈ రెండో సగం మరిచిపోతారు. నారా పాతపట్నంలో ఎర్రగుడ్డ కోతులు ఇళ్ల చూరుకే వేలాడతాయి, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని; ఆ ఇంటివాళ్ల బదులు కీడును అవి మోస్తాయని.

ఒసాకాలో షితెన్నోజి దగ్గరి కోషిన్‌దో, జపాన్‌లో కోషిన్ మొదట వెలిసిన చోటు తమదేనని, అది 701లో అని చెప్పుకుంటుంది. కోషిన్ రోజు వెళ్తే కోన్యాకు తినండి. మన కందకు (చిలగడదుంప కాదు) దగ్గరి చుట్టమైన దుంప పిండితో చేసే బూడిదరంగు ముద్ద అది. జెల్లీలా జారుతుంది, రుచి దాదాపు ఉండదు, ఉడికించి ఇస్తారు. తినేటప్పుడు ఉత్తరం వైపు తిరిగి, అయిపోయేదాకా మాట్లాడకుండా తినాలి.